మేస్త్రి ఎరుపు

"తాళం తియ్యి బావా," అన్నాడు బావమరిది.

మేస్త్రి మెట్టు మీంచి లేవలేదు.

భార్య పోయిన రోజున రంగు గదికి వేసిన తాళం అది. ఆ రోజే వీధిలో పని ఆగిపోయింది. ఎన్ని ఉతుకులు ఉతికినా వెలవని ఆ ఎరుపు ఇంకే ఇంట్లోనూ రాదు. తలుపు వేసుకుని రంగు కలపడం అద్దకం వృత్తిలో రివాజు. నీళ్లు అందించడానికి ఇంటావిడ తప్ప ఎవరూ లోపలికి వెళ్లకూడదు. మిగతావాళ్లకు తెలిసిందల్లా బయటికొచ్చిన తొట్టిలో నూలు ముంచడమే.

బావమరిది ఉద్యోగం మానేసి షెడ్డు వేశాడు. బాయిలర్ తెచ్చాడు. సముద్రం అవతలి కంపెనీ ఆ ఎరుపే కావాలంది. రేపటికి నమూనా అందితే వీధి వీధంతటికీ పని.

"ఒక్క తొట్టి కలిపివ్వు. గుట్టు నాకొద్దు. తలుపేసుకో, కిటికీ మూసుకో, కావాలంటే నా కళ్లకు గంతలు కట్టు."

"ఆ ఎరుపు ఇక రాదు. వెళ్లు."

"రాదా, రానివ్వవా?"

నూలు ముంచే ఆడవాళ్లు గుమికూడారు.

"నీళ్లు మోసే మనిషి లేదనా మేస్త్రీ? నేను మోస్తాలే, నా నడుం ఇంకా గట్టిదే," అందొకామె. నలుగురు నవ్వారు. మేస్త్రి ఆమెను చూసిన చూపుకి నవ్వు ఆగిపోయింది.

"అక్క పోయిందని ఏడుపు నీ ఒక్కడికేనా? నాకు తోడబుట్టింది. అది ఉంటే నీ చెవి మెలేసి కలిపించేది!"

"అది ఉంటే ఈ గొడవే లేదు," అన్నాడు మేస్త్రి.

బావమరిది చేతులు జోడించాడు. కాళ్లు పట్టుకున్నాడు. చివరికి తిట్టాడు.

"పిల్లాజెల్లా లేరు. ఎవరికోసం దాస్తున్నావయ్యా? పోయేటప్పుడు మూట కట్టుకుపోతావా?"



నమూనా వెళ్లలేదు. బాయిలర్ పాత ఇనుప సామాన్ల కొట్టుకు చేరింది. ఆడవాళ్లు ఇటుక బట్టీల దారి పట్టారు. వెళ్తూ వెళ్తూ ఒకామె మేస్త్రి గుమ్మంలో ఉమ్మేసింది. అతను తుడవలేదు.

వీధి ఖాళీ అయ్యాక తాళం తీసి లోపలికెళ్లాడు. తీగ మీద చిలపలు చిలపలుగా, చుట్టలు కట్టిన నూలు ఆరుతోంది. ఏ పూటకాపూట దొంగచాటుగా ముంచిన నూలు. అంతా ఇటుక రంగు. తొట్టిలోంచి కొత్తగా ముంచిన చిలప పైకి తీశాడు. అదీ ఇటుక రంగే.

పెళ్లయిన నాటి నుంచీ ఆ గదిలో నీళ్లు మోసింది అతను, రంగు కలిపింది ఆవిడ.