ఆలస్యంగా వచ్చే మాట

పక్షవాతంతో మాట పోయిన వాళ్లందరికీ లాగే భాస్కరానికీ ఇప్పుడు ఫోనే నోరు. కణతకు అంటించిన బిళ్ల ఆయన మనసులో మాటను పట్టి అందిస్తే, ఫోను దాన్ని ఆయన గొంతుతోనే పలికేది. కొత్త అప్‌డేట్ వచ్చిన దగ్గర్నుంచి అది నత్తనడక పట్టింది. భార్య తాయారమ్మ "కాఫీ పెట్టనా?" అంటే, జవాబు ఆవిడ అంట్లు తోముకునే వేళకు వచ్చేది.

ఆ పొద్దున ఆయన స్నానాలగదిలో జారిపడ్డాడు. చప్పుడు విని పరుగెత్తిన తాయారమ్మ ఆయన్ని లేవదీసి మంచం మీద కూర్చోబెట్టింది. అప్పుడు పలికింది ఫోను: "తాయారూ, దయచేసి ఒకసారి రాగలవా?"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఫోను ఆపి మళ్లీ తెరిచింది. మనసు రాకపోయినా పాత ఫొటోలన్నీ చెరిపేసింది. అయినా అది మధ్యలోనే ఆగిపోతోంది. వెతగ్గా వెతగ్గా, సెట్టింగుల్లో అప్‌డేట్‌తో వచ్చిన 'మర్యాద' అనే ఆప్షన్ కనిపించింది. ఆయన ప్రతి మాటనూ నునుపు చేయబోయి ఫోను చతికిలబడుతోందన్నమాట!

"ఇది తీసేస్తే మాటలు కరుకుగా రావచ్చు. సమ్మతమేనా?" అని అడిగింది ఫోను.

"ఇన్నేళ్లూ పడ్డదాన్నే, నాకేం కొత్తా!" అంటూ తీసేసింది తాయారమ్మ.

మరుక్షణమే ఫోను అరిచింది: "నడుం విరిగిందే బాబూ! సబ్బునీళ్లు అలా వదిలేస్తారటే ఎవరైనా?"

"వదిలింది మీరే!" అని అంతకంటే గట్టిగా అరిచి, తాయారమ్మ కళ్లు తుడుచుకుని, ఆయన నడుముకు మందు రాయడానికి కూర్చుంది.