మోచేతి కొలత

"ముందు ఆ టేపు తియ్. దాని చెయ్యెందుకు కొలుస్తున్నావ్?"

ఇంటాయన అరుపు వెనకే ఇత్తడి గ్లాసూ వచ్చింది. వంటిళ్ల మేడమ్ చెవి పక్కనుంచి దూసుకుపోయి, గోడకు తగిలి, సొట్టపడి దొర్లింది.

వంటగదీ భోజనాల గదీ ఎలా ఉండాలో ఇళ్లకు వెళ్లి సలహా చెప్పడం మేడమ్ పని. ఆమె పద్ధతి ఒకటే. ఇంటావిడను నిలబెట్టి, మోచేయి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, దానికి కాస్త కిందగా పొయ్యి గట్టు వేయిస్తుంది. ఆ కొలత ఇప్పటిదాకా ఎక్కడా తప్పలేదని ఆమెకు మహా గర్వం. ఇంటావిడ నోరు తెరవకముందే ఆమె మనసులో మాట తనకు తెలిసిపోతుందని కూడా అంటుంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం.

"గట్టు ఎత్తు కోసమండీ," అంది మేడమ్.

"దాని మోచేయి చూసి గట్టు కడతావా? బుర్రుందా నీకు?"

భార్య జుట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు ఆయన. ఆవిడ తల వెళ్లి గుమ్మానికి కొట్టుకుంది. ఆయన ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలున్నాయి. ఎన్ని కొట్లాటల గుర్తులో అనుకుంది మేడమ్. ఇంతలో ఫోను మోగితే, తిట్టుకుంటూనే బయటికి పోయాడు.

మేడమ్ ఆవిడ చేతి మీది కొంగు తొలగించి చూసింది. మోచేయి నుంచి భుజం దాకా కమిలి నల్లబడి ఉంది.

"అమ్మ బాబోయ్. దేంతో కొట్టాడు?"

"చేతికేది దొరికితే దాంతో," అంది ఇంటావిడ. "ఆయనొచ్చేలోపు చెప్పేస్తాను, రాసుకోండి. భోజనాల బల్లకు మూలలు వద్దు. గుండ్రంగా ఉండాలి." అంటూ నుదుటి మీది కుట్లు తడుముకుంది. "కుర్చీలు బాగా బరువుండాలి. ఎత్తి విసరలేనంత."

"అలాగే. ఇంకా?"

"వంటింటికి తలుపు కావాలి. గట్టిది."

ఈ రోజుల్లో వంటింటికి తలుపేమిటని మేడమ్ ఎన్ని ఇళ్లలో తలుపులు పీకించిందో. ఇక్కడ మాత్రం చెప్పింది చెప్పినట్టే రాసుకుంది.

"పొయ్యి దగ్గర నిలబడితే చాలు మేడమ్, గొడవ మొదలవుతుంది. అప్పుడు తలుపు మూసి గడియ పెట్టేస్తే, ఆ కోపం చల్లారేదాకా ప్రాణం దక్కుతుంది. అందుకని ఆ గడియ..."

"చాల్లే తల్లీ, ఇంకేం చెప్పకు. నాకు అర్థమైంది."

మేడమ్ టేపు చుట్టి సంచీలో వేసుకుంది. ఈ పిల్లను కాపాడకపోతే తానిన్ని వంటిళ్లు కట్టించి ఏం లాభం అనుకుంది.

గోడలు పగలగొడుతుంటే లేచే దుమ్ము పడక ఇంటావిడ అక్కగారింటికి వెళ్లింది. ఇంటాయన ఏదో పని మీద ఊరెళ్లాడు. మేడమ్ దగ్గరుండి పని చేయించింది. గుండ్రటి బల్ల వచ్చింది. కదపాలంటే ఇద్దరు మనుషులు కావాల్సిన కుర్చీలు వచ్చాయి. వంటింటికి టేకు తలుపు, దానికి అరచేతి మందాన ఇనప గడియ.

"ఇది వంటిల్లా, జైలా మేడమ్?" అని నవ్వాడు వడ్రంగి.

"నీకెందుకు? ఏనుగొచ్చి గుద్దినా ఊడకూడదు," అంది మేడమ్.

పనంతా అయ్యాక మొగుడూ పెళ్లాం కలిసే వచ్చారు. ఇంటాయన ఎవరినీ పలకరించకుండా నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. గట్టు ముందు నిలబడ్డాడు. కాస్త వంగాడు. నడుం మీద చెయ్యి వేసుకుని లేచాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"ఈ గట్టు ఎవరి కోసం కట్టావ్?"

"ఇంటావిడ కోసం," అంది మేడమ్ గుమ్మం బయటి నుంచే, ఏమైతే అయిందని. "కొలతా ఆవిడదే."

"ఓహో. ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట."

కొక్కేనికి వేలాడుతున్న ఇనప పెనం అందుకుని విసిరాడు. అది గుమ్మంలో నిలబడ్డ భార్య భుజానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు మేడమ్‌కు స్పష్టంగా వినిపించింది. ఆవిడ మోకాళ్ల మీద కూలబడింది. ఆయన ఈసారి పచ్చడి బండ కోసం అల్మారా వైపు తిరిగాడు. తలకు తగిలితే మనిషి మిగలదు.

ఇంటావిడ పారిపోలేదు. బాగున్న చేత్తో తలుపు పిడి అందుకుని, లేచి, గుమ్మం బయటికి జరిగి, ధడాలున తన వైపు లాగి మూసేసింది. రెండు పాదాలూ గుమ్మానికి తన్నిపెట్టి వెనక్కి వాలింది.

"పట్టుకోండి మేడమ్, గట్టిగా లాగి పట్టుకోండి."

మేడమ్ కూడా పిడి పట్టుకుంది. లోపల ఆయన బండతో తలుపును మోదుతున్నాడు. మోది మోది, పిడి పట్టుకుని తన వైపు గుంజుతున్నాడు. టేకు చెక్క చెక్కుచెదరలేదు కానీ, సందు మాత్రం వెడల్పవుతోంది. ఆ సందులోంచి ఆయన వేళ్లు బయటికొచ్చాయి.

ఇంటావిడ తలుపును పైనుంచి కిందిదాకా కళ్లతోనే వెతికింది. నున్నటి చెక్క తప్ప ఏమీ కనబడలేదు.

"గడియేది మేడమ్?"

"లోపల పెట్టించాను. నువ్వు లోపలికెళ్లి వేసుకుంటావని."

ఆవిడ మేడమ్ మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. పిడి ఇద్దరి చేతుల్లోంచీ జారిపోతోంది.

"నేనెందుకెళ్తాను మేడమ్ లోపలికి? మా ఇంట్లో వంట చేసేది ఆయన."