బిందెల వరసలో మాజీ మొగుడు

వీరభద్ర ఎప్పుడొచ్చినా నీళ్ల ట్యాంకరు వచ్చే వేళకే వస్తాడు.

కోడుమూరు అవతల ఆ పల్లెకు రెండు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది. ఆ అరగంటా వీధి వీధంతా బిందెలతో అక్కడే ఉంటుంది. ఇంకెవడైనా అయితే విడాకులిచ్చిన పెళ్లాం ముందు చేయి చాచడానికి నలుగురూ లేని చోటు వెతుక్కుంటాడు. వీడికి మాత్రం నలుగురూ ఉండాలి. అదేం సిగ్గులేనితనమో!

మూడేళ్ల కిందట కర్నూలు కోర్టులో ఇద్దరూ సంతకాలు పెట్టి విడిపోయారు. అతను తన అన్న ఇంటి పంచన చేరాడు. శివకుమారి కూతురు స్వర్ణలతతో ఉన్న ఇంట్లోనే ఉండిపోయింది. అప్పటి నుంచి నెలకోసారి ఈ భాగవతం తప్పదు. అతను వచ్చి డబ్బులు అడుగుతాడు. ఆమె దుమ్మెత్తిపోస్తుంది. అతను పోతాడు. వీధిలో ఆడవాళ్లకు అది అలవాటైపోయింది.

ఆ రోజూ వచ్చాడు. గుట్కా నములుతున్నాడు. పండ్లు ఎర్రగా, గారపట్టి ఉన్నాయి.

“శివకుమారీ, దుడ్లేమన్నా సర్దు. అప్పులోళ్లు పాణం తీస్తాండారు.”

“కోర్టులో తెంచుకొని పోయినోనివి, మళ్ల నా కాడికి యాల వస్తాండావప్పా?”

“ఇంగెవురుండారు నాకు? నువ్వే దిక్కు.”

“ఎంత గావల్లంట?” అంది వరసలో ముందున్న గిడ్డమ్మ, వేళాకోళంగా.

మామూలుగా అయితే ఐదు వందలంటాడు. మరీ ఆశపడితే వెయ్యి.

“నలభై వేలు,” అన్నాడు వీరభద్ర.

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. శివకుమారి మాత్రం నవ్వలేదు. చేతిలో బిందె కింద పెట్టేసింది.

ఏడాదిగా శనగ చేలకు కూలికి పోయి, మిరపకాయలకు తొడిమలు తీసి కూడబెట్టింది సరిగ్గా నలభై వేలు. రేపు నర్సింగ్ కాలేజీలో కడితేనే స్వర్ణలతకు సీటు. లేకపోతే లేదు. మొన్న సాయంత్రం లెక్కబెట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టింది. ఎంత ఉందో కూతురికి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆ గుట్కా నోట్లోంచి అదే అంకె ఊడిపడింది. అంటే చూశాడు. చేయి పెట్టి, తడిమి, లెక్కబెట్టి మళ్లీ అక్కడే పెట్టాడు.

 ఇన్నేళ్లూ ఈ మనిషి పక్కన ఎలా పడుకున్నానా అని శివకుమారికి తన మీద తనకే రోత పుట్టింది.

అప్పుడు మొదలుపెట్టింది. ఎప్పుడూ తిట్టే తిట్లు కావవి.

“నీది మనిషి పుటకేనా? పోయినేడు నా బిడ్డ ఫీజు దుడ్లు ఎత్తకపోయి మూడుముక్కలాటలో తగలేస్తివి. చదువుకునే పిల్ల పుస్తకాలు మూలకేసి ఏడాదంతా మిరప చేనికి కూలికి పాయె. చేతులు మంట పుట్టి, బకెట్లో ముంచుకొని కూచొని ఏడుస్తాంటే చూస్తానే ఉంటివి గదా! ఒక్క మాటన్నా అంటివా? మళ్ల ఈ దుడ్ల మీద గూడా పడిందా నీ కన్ను? థూ!”

వీరభద్ర ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. వెంటనే సర్దుకున్నాడు.

“ఎవురెవురో ఏమేమో చెప్తాంటారు. ఉగాదికి తిరిగిస్తాలే,” అన్నాడు తాపీగా.

“నీ దుడ్లు వానికెట్ల దొరికెనే శివమ్మా?” అని గిడ్డమ్మ ఆశ్చర్యపోయింది.

శివకుమారి ఆ మాట వినిపించుకోలేదు.

“ఇనుకో. నా బిడ్డ సదువు తిన్నావు. ఇంగ నీకు నా చేతి మెతుకు ల్యాదు. సచ్చిపోతాండానని కబురు పెట్టినా రాను. ఈ పొద్దుతో సరి!”

ట్యాంకరు డ్రైవరు కూడా కిందికి దిగి చూస్తున్నాడు. వరసలో ఎవరూ కదలడం లేదు. బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా గొట్టం పక్కకు తీసే దిక్కు లేదు.

“ఆడదంటే ఇట్లుండల్ల,” అంది వరసలో వెనకున్న రామలక్ష్మమ్మ. “ఎంత మాటన్నా ఆ యప్పకు చీమ కుట్టినట్లన్నా ల్యాదు సూడు.”

నిజమే. వీరభద్ర రెండు చేతులూ ఎత్తి అందరికీ ఒక దండం పెట్టాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. వీధి మలుపులో వెనక్కి తిరిగి, పండ్లన్నీ కనబడేలా నవ్వి మరీ పోయాడు. అన్ని తిట్లు తిని ఆ నవ్వేంటో ఎవరికీ అర్థం కాలేదు. గిడ్డమ్మ కాండ్రించి ఉమ్మేసింది.

శివకుమారి బిందెలు ఇంట్లో దించింది. వీధి తలుపు వేసి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చేయి పెట్టి చూసుకుంది. కవరు ఉంది. తీసి రవికలో దోపుకుంది. 

పావుగంట గడిచాక, పెరటి తలుపు మీద వేలితో మెల్లగా కొట్టి, “శివా, ఈ పొద్దు శానా బాగా అరిచినావులే, మనవి ఒంటరి ఆడోళ్ల పింఛను కోసం రాయించుకున్న ఉత్తుత్తి విడాకులని ఆ దేవుడు గూడా కనిపెట్టల్యాడు, తలుపు తీసి ఇంత సంగటి పెట్టు” అన్న వీరభద్రకు, మూడేళ్లలో మొదటిసారి, లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.