ఆవిరి గదిలో హాజరు

ఆవిరి గది గుమ్మంలో నిలబడి, ఫోన్ పైకెత్తి, పెదవులు బిగించి ఆమె కెమెరాలోకి చూసింది. తెర మీద పొగ మధ్య ముఖం లాంటిదేదో కదిలింది. ఆకుపచ్చ టిక్కు పడలేదు.

ఆ ఆస్పత్రి లాండ్రీలో హాజరంటే ఇదే. పొద్దున్నే ఎవరి ఫోన్లో వాళ్ళు ముఖం చూపించాలి. యాప్ దాన్ని పాత ఫోటోతో పోల్చి టిక్కు పెట్టాలి. పడకపోతే ఆ రోజు పనికి రానట్టే. నాలుగు రోజులు వరసగా పడకపోతే ఇక రానవసరం లేదు. ఆమెదేమో చవక ఫోన్. దాని కెమెరాకి పట్టపగలే రేచీకటి.

"ఆవిరిలో నిలబడితే ఎలా పడుతుందమ్మా? వెలుతురులోకి రా," అన్నాడు సూపర్‌వైజరు. వచ్చి వారమైంది. మంచివాడు. ఎవరికి ఏ సాయం చేద్దామా అని తహతహలాడిపోతుంటాడు.

"పడుతుంది సార్. కాస్త ఆలస్యంగా. అలవాటైపోయింది."

"ఎన్నాళ్ళిలా నెట్టుకొస్తావు? నా ఫోన్లో తీస్తానుండు. మొన్నే కొన్నా. చీమ తుమ్మినా కనబడుతుంది!"

ఇంట్లో మంచం పట్టిన మనిషి మందులూ, ఇద్దరి తిండీ ఆ టిక్కు మీదే నడుస్తున్నాయి.

దుప్పట్లు మడతపెడుతున్న ఆడవాళ్ళ చేతులు ఆగాయి.

"వదిలెయ్యండి సార్, ఆ డబ్బా ఫోన్‌తోనే సర్దుకుంటుందిలే," అంది పెద్దావిడ.

"సార్, మిషన్ ఆగిపోయింది, ఇటు రండి," అని ఇంకొకామె కేకేసింది. మిషన్ తిరుగుతూనే ఉంది.

"సాటి మనిషికి సాయం చేస్తుంటే అడ్డుపడతారేంటి మీరంతా?" అని కసిరి, ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేశాడు. "కూర్చో అమ్మా. నీ హాజరు నంబరు చెప్పు."

చెప్పింది. తిట్టేవాడైతే కాళ్ళు పట్టుకుని బతిమాలుకోవచ్చు. సాయం చేసేవాణ్ణి ఏమని బతిమాలుకోవాలి?

"అంత బిగుసుకుపోతావేం? కాస్త నవ్వు."

నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మంచం పట్టిన అక్క బదులు పనికి వస్తూ, ఆ మసక కెమెరా పుణ్యాన ఇన్నాళ్ళూ అక్కలా కనబడుతూ వచ్చిన చెల్లెలు, ఆ కొత్త ఫోన్ తెర మీద మొదటిసారి అచ్చం తనలాగే కనబడింది.