ధర్మయ్యగారి వాన

“జాజ్ అన్న మాట ఈ గదిలో ఇంకోసారి అనొద్దు,” అన్నాడు పార్థసారథి, అద్దాల బీరువాకి అడ్డంగా నిలబడి.

బీరువాలో స్వర్గీయ ధర్మయ్యగారి క్లారినెట్ ఉంది. పక్కనే ఆయన ఉక్కు ప్లాంటు డ్యూటీ బూట్లు, పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. సెక్టర్ 6లోని ఈ క్వార్టరు గదే ధర్మయ్య సంగీత సభకి ఆఫీసు. రైలు పట్టాల మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరైన పార్థసారథి సభకి అధ్యక్షుడు, ధర్మయ్యగారికి ప్రథమ శిష్యుడు. ద్వితీయ శిష్యుడంటూ ఎవరూ లేరు.

“అంకుల్, ఆదివారం తాతయ్య వర్ధంతి ఆరాధనలో పది నిమిషాలు, అంతే,” అంది కృష్ణప్రియ. “తాతయ్య క్లారినెట్ మీద వాయిస్తాను. చిన్నప్పట్నించి దాన్ని అద్దంలోంచే చూస్తున్నాను. ఒక్కసారి ముట్టుకోవాలని ఉంది.”

“కోల్‌కతా హోటళ్ళలో జాజ్ ఊదిన నోరమ్మా అది. గురువుగారి వాద్యం దానికెలా అందిస్తాను?”

ధర్మయ్య మనవరాలికి ధర్మయ్య క్లారినెట్ ఇవ్వాలంటే సభ ఒప్పుకోవాలి. సభ అంటే పార్థసారథి.

సభకి ఉన్న ఆస్తి ఒకే ఒక క్యాసెట్. ధర్మయ్య పోయిన పదకొండో రోజున ఆయన టేప్‌రికార్డరులో పార్థసారథికి దొరికింది. బతికి ఉండగా ధర్మయ్య పెళ్ళిళ్ళలో వాయించాడు, రామనవమి పందిట్లో వాయించాడు. సైరన్ మోగగానే జనం సైకిళ్ళెక్కి షిఫ్టుకి పోయేవారు. చప్పట్లు కొట్టేదాకా ఒక్కడూ ఆగలేదు. పోయాక మాత్రం మహావిద్వాంసుడయ్యాడు.

అరిగిపోయిన ఆ క్యాసెట్లో పన్నెండు నిమిషాల క్లారినెట్, వెనక గుబ్ గుబ్‌మని ఒక చప్పుడు, చివర్న వాన. ఆ చప్పుడు గురువుగారు డ్యూటీ బూట్లు విప్పకుండా వేసిన తాళమనీ, ఆ వాన రాగానికి మెచ్చి రేకుల మీద కురిసిందనీ పార్థసారథి ఏటేటా మైకులో చెబుతాడు. గురువుగారు పోయింది మే నెల కాబట్టి వాన కూడా మే నెలదే. వాన దగ్గరకి రాగానే సభంతా లేచి చేతులు జోడిస్తుంది.

“ఆ టేప్‌రికార్డరు ప్లాంటుకొచ్చిన రష్యా ఇంజనీరుది బాబూ,” అంది మూల కుర్చీలో కూర్చున్న అచ్చమ్మ, ధర్మయ్య భార్య. “వాళ్ళ దేశం ఎల్లిపోతూ టేప్‌రికార్డరు, తను యినుకునే కేసెట్లు, ఓ పెద్ద ఉన్ని కోటు మాకిచ్చీసినాడు. ఈ ఎండల్లో కోటేటి చేసుకుంటాం?”

“మీరలా కూర్చోండి అమ్మగారూ,” అన్నాడు పార్థసారథి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఏటా ఆవిడకి శాలువా కప్పి ఇదే మాట చెబుతున్నాడు.

తర్వాత కృష్ణప్రియ వైపు తిరిగాడు. “నీ క్లారినెట్ తెచ్చావుగా. ఒక్క నిమిషం వాయించు. సంప్రదాయం వాసన తగిలితే అప్పుడు చూద్దాం.”

కృష్ణప్రియ వాయించింది. పార్థసారథి వేపాకు నమిలినవాడిలా మొహం పెట్టాడు.

“ఆపమ్మా. శ్రుతి ఎటో, నువ్వెటో. గమకం లేదు. ఏ స్వరం మీదా నిలబడవు, జారిపోతావు. తాళానికి ఎప్పుడూ ఓ అడుగు వెనకే. ఇది సంగీతమైతే సుపేలా చౌక్‌లో ఆటో హారన్లూ సంగీతమే. కావాలంటే రాసిస్తాను.”

“రాయక్కర్లేదు అంకుల్. ఇది తాతయ్య క్యాసెట్లో నాలుగో నిమిషం.”

ఆమె బల్ల మీది టేప్‌రికార్డరులో టేపుని అక్కడిదాకా తిప్పి నొక్కింది. అవే స్వరాలు, అదే జారుడు, అదే వెనకబాటు.

పార్థసారథి దగ్గాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడవడం పూర్తయ్యేలోపు అభిప్రాయం మార్చుకున్నాడు.

“అదే అనుకున్నాను. ఎక్కడో విన్న మహత్తులా ఉందే అని. పరీక్ష పెట్టేటప్పుడు కొంచెం కటువుగా ఉండాలి మరి.”

“కానీ అంకుల్, ఇది జాజే. మీరు శుద్ధ ధన్యాసి అనేదాన్ని వాళ్ళు బ్లూస్ అంటారు. అవే అయిదు స్వరాలు. కోల్‌కతాలో మొదటిసారి విన్నప్పుడు ఏడుపొచ్చింది నాకు. కోక్ ఓవెన్ల సెగలో డ్యూటీ చేసొచ్చి, ఎవరూ నేర్పకుండా, మా తాతయ్య అచ్చం వాళ్ళలాగే వాయించాడని. అందుకే నేనూ ఇది పట్టుకున్నాను.” ఆ గదిలో అంతవరకూ వినిపించిన మాటల్లో నిజంగా మనసులోంచి వచ్చింది అదొక్కటే.

“ఆయన వాళ్ళలాగా కాదమ్మా, వాళ్ళే ఆయనలాగా,” అన్నాడు పార్థసారథి. “కాపీ కొట్టారు.”

“ఎలా కొడతారు? తాతయ్య నందిని గనులు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు కదా?”

“రష్యావాళ్ళు లేరూ? అమ్మగారు ఇప్పుడే చెప్పారు, టేప్‌రికార్డరు వాళ్ళదేనని. విన్నారు, మోసుకుపోయారు, ప్రపంచమంతా పంచారు.” అతని కళ్ళు మెరిశాయి. “ఆదివారం బ్యానరు మార్చేద్దాం. జాజ్ జన్మస్థలం, సెక్టర్ 6.”

బీరువా తాళం తీసి, క్లారినెట్‌ని రెండు చేతులతో అందించాడు. కృష్ణప్రియ దాన్ని గుండెలకి హత్తుకుంది. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

“క్యాసెట్లోదే నువ్వు వాయించు. చివర్న వాన మాత్రం టేపులోదే వేద్దాం. అది మనుషులు వాయించేది కాదు.” టేపు ముందుకి తిప్పి నొక్కాడు. గదినిండా వాన కురిసింది. పార్థసారథి చేతులు జోడించి నిలబడ్డాడు. కృష్ణప్రియ కూడా తల వంచింది.

“అమ్మగారూ, ఆదివారం ఆ వాన గురించి మీరే మైకులో రెండు మాటలు చెప్పాలి. మీరొక్కరే కదా దానికి సాక్షి.”

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడని ఏదైనా అడగడం అదే మొదటిసారి. అచ్చమ్మ మనవరాలి చేతిలోని క్లారినెట్ కేసి జాలిగా చూసింది. టేపు ఆగేదాకా ఆగింది.

“అది వాన కాదు బాబూ, చప్పట్లు.”