మూడు కాళ్ళ తాబేలు

"ఆ కాలు పెట్టకండి. దానికి మూడే కాళ్ళు," అన్నాడు ముసలాయన.

మేస్త్రీ ఎస్తెబాన్ చేతిలో తాపీ గాల్లోనే ఆగిపోయింది.

తాబేలంటే మామూలుది కాదు. అమెరికాలో మొహావీ ఎడారిలో, పాత హైవే పక్కన, రెండంతస్తుల మేడంత సిమెంటు తాబేలు. మైళ్ళ దూరం నుంచే కనిపిస్తుంది. దాని పొట్ట కింద నీడలోనే వెర్నా ఖర్జూరం మిల్క్‌షేకుల కొట్టు. ఎండకి మాడి వచ్చినవాళ్ళు షేకు తాగి, తాబేలు ముక్కు కింద ఫొటో దిగి పోతుంటారు. పదిహేనేళ్ళుగా వెర్నా బతుకు దాని మీదే.

ఆ బతుక్కిప్పుడు గండం వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తారట, తాబేలుని పడగొడతారట. చారిత్రక కట్టడాల జాబితాకెక్కితేనే అది దక్కుతుంది. సోమవారం అధికారులు వస్తున్నారు. వాళ్ళడిగేవి రెండే: కట్టిందెవరు, ఎందుకు కట్టారు?

ఆ రెండూ ఎవరికీ తెలీవు. కొత్త హైవే పడ్డాక పాత ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది.

అందుకని వెర్నా బోర్డు పెట్టింది. 'దీన్ని కట్టిందెవరో చెప్పినవారికి జీవితాంతం షేకులు ఉచితం.' ఆ బోర్డు పత్రికల్లో కూడా పడింది.

షేకు మహిమ! నెల తిరక్కుండా పదకొండు మంది వచ్చి, తామే కట్టామన్నారు. అందులో ఒకడికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. తాబేలు వయసేమో డెబ్భై.

కట్టినవాళ్ళ పేరు ఎలాగూ దొరకలేదు, కనీసం తాబేలైనా నిండుగా కనబడాలని నాలుగో కాలు కట్టిస్తోంది వెర్నా.

ఆమె కొట్లోంచి బయటికొచ్చింది. ముసలాయన డెబ్భై దాటిన మనిషి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కారు నంబరు పలక ఒహాయో రాష్ట్రానిది.

"పన్నెండోవాడు," అంది ఎస్తెబాన్‌తో, అందరికీ వినబడేలాగే.

"పెద్దాయనా, దీన్ని కట్టింది తమరేనా?"

"కాదమ్మా."

ఇది కొత్త మాట. వెర్నా మెత్తబడింది.

"మరి మీకెందుకు దీని కాళ్ళ గొడవ?"

"పేపర్లో ఫొటో చూశాను. మూడే కాళ్ళున్నాయని చూసే వచ్చానమ్మా, రెండువేల మైళ్ళు."

"విన్నావా ఎస్తెబాన్? కుంటిదని చూడ్డానికొచ్చారట!"

ఎస్తెబాన్ పకపకా నవ్వాడు. ముసలాయనా నవ్వాడు పాపం.

"కట్టినావిడ... ఇక్కడే ఉండేదా?"

"ఆవిడా? ఇంత తాబేలుని ఆడమనిషి కడుతుందా, మీ పిచ్చిగానీ!"

ఆయన తాబేలు ముంగాలి వేళ్ళ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నాలుగో కాలు నిజంగా ఉండేదా అమ్మా? మొదట్నించీ?"

రోడ్డు పక్క వింతలు చూపించి బతికేవాళ్ళకి కథ లేనిదే బేరం లేదు. కొట్టు పెట్టిన ఏడాదే వెర్నా ఒక కథ అల్లింది. పదిహేనేళ్ళు చెప్పీ చెప్పీ ఇప్పుడు తనే నమ్మేస్తోంది.

"ఉండకేం? రాయిలాంటి కాలు. యుద్ధం ట్యాంకు ఒకటి బ్రేకులు తెగి వచ్చి గుద్దేసింది. ఆ చప్పుడు పాతిక మైళ్ళు వినబడిందట!"

ముసలాయన తాబేలు వేళ్ళ మీంచి చెయ్యి తీసేశాడు.

"అట్లాగా," అన్నాడు. "అయితే ఇది వేరే తాబేలమ్మా. నేనే పొరబడ్డాను."

వెర్నాకి ఎందుకో జాలేసింది. వచ్చిన పన్నెండు మందిలో అబద్ధం ఆడనివాడు ఇతనొక్కడే. పెద్ద గ్లాసు షేకు చేతిలో పెట్టి డబ్బు వద్దంది. ఆయన దండం పెట్టినంత పని చేసి, కారెక్కి తూర్పుకి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఇంకో కారు ఆగింది. తొంభై ఏళ్ళ ముసలమ్మ, మనవరాలి చెయ్యి పట్టుకుని దిగింది. దిగడం దిగడమే చేతికర్ర ఎత్తింది.

"ఎవత్తే దీనికి నాలుగో కాలు పెట్టించింది?"

"నేనేనండీ. పాతది ట్యాంకు గుద్ది..."

"ట్యాంకా! నీ మొహం ట్యాంకు! నా పేరు హేజెల్. ఈ తాబేలుకి ఇసక మోసింది నేను. కట్టింది నా నేస్తం ఓపల్."

వెర్నా గబగబా కుర్చీ తెచ్చి వేసింది.

"ఎందుకు కట్టిందండీ?"

"ఎందుకేమిటే! మొగుడు చెప్పాపెట్టకుండా అయిదేళ్ళ పిల్లాణ్ణి తీసుకుని పారిపోయాడు. ఎక్కడని వెతుకుతుంది? పిల్లాడికో తాబేలుండేది. నక్క ఒక కాలు కొరికేసింది. ఆ మూడు కాళ్ళదాన్ని పక్కలో పెట్టుకుని పడుకునేవాడు వెధవ."

ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఎప్పటికైనా అందరూ ఈ రోడ్డున పోవాల్సిందే కదా హేజెల్, వాడూ పోతాడు, అనేది. నాలుగు కాళ్ళుంటే ఎవరి తాబేలో అనుకుంటాడట. మూడుంటే, అమ్మ నాకోసమే కట్టిందని కారాపి దిగుతాడట."

"వచ్చాడా?" అంది వెర్నా.

"ఎక్కడ! అమ్మ చచ్చిపోయిందని చెప్పి పెంచి ఉంటాడు ఆ తండ్రి. ముప్పై ఏళ్ళు వచ్చే పోయే కార్లన్నీ చూసి చూసి పోయింది నా ఓపల్."

సోమవారం అధికారులడిగే రెండు ప్రశ్నలకీ జవాబులు దొరికాయి. తాబేలు దక్కినట్టే.

వెర్నా ఆ మాటే ఎత్తలేదు. సుత్తి తీసుకుని తనే వెళ్ళి, ఇంకా పచ్చి ఆరని కొత్త కాలు మీద ఏడుస్తూ బాదసాగింది.

"ఏమైందక్కా? అంత మంచి కాలు!" అంటూ ఎస్తెబాన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఒహాయో అంటే ఎంత పెద్ద రాష్ట్రంరా?" అంది వెర్నా. "మొన్న నేను ట్యాంకు కథ చెప్పి వెనక్కి పంపేసింది ఆ పిల్లాణ్ణేరా."