పాత నంబరు కిందే

సింధూరి బ్యాగులో ఒక్క జత బట్టలే పెట్టింది. లాప్‌టాప్, చార్జరు, తలనొప్పి మాత్రలు, ఒక పెద్ద నూలు చున్నీ.

"ఇంకో జత పెట్టుకో. పని తెమలకపోతే?" అన్నాడు భర్త మురళీమోహన్.

"తెమలకపోయినా రేపు సాయంత్రం బండెక్కేస్తాను."

"విజయనగరమంటే అంత విసుగేమిటి నీకు? కోట ఎప్పుడూ చూడలేదన్నావుగా. చూసి రా."

ఆమె జిప్పు లాగింది.

వెళ్ళనని మేనేజరును రెండు రోజులు బతిమాలింది. ఇంకెవరినైనా పంపమంది. కుదరలేదు. విజయనగరంలో జనం అర్జీలు తీసుకునే ఒక ఆఫీసులో వాడే కంప్యూటరు ప్రోగ్రాం చూసిపెట్టేది తనే. అర్జీలన్నీ ఒకే ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. వాటిని చదివి, ప్రతి సోమవారానికీ జాబితా తీయడం ప్రోగ్రాం పని. మూడు వారాలుగా అది సగంలో కుప్పకూలుతోంది. ఈ సోమవారం కూడా జాబితా రాకపోతే కాంట్రాక్టు పోతుంది. ఫైలేమో ఆఫీసు గుమ్మం దాటి బయటికి రాకూడదు. వెళ్ళాల్సిందే.

తప్పెక్కడుందో ఆమెకు కొంత తెలుసు. ఎక్స్ఎంఎల్ చదవడానికి వాడిన రెడీమేడ్ కోడ్ లైబ్రరీలో ఒక హద్దు ఉంటుంది. ఒకదానిలోపల ఒకటిగా రెండు వందల యాభై ఆరు అరలు దాటితే ఇక చదవనని మొరాయిస్తుంది. మూడేళ్ల కిందట అలాగే మొరాయించింది. ఏ అర్జీ అంత లోతుకు పోయిందో అప్పుడే కనుక్కోవాల్సింది. కనుక్కోలేదు. హైదరాబాదులో కూర్చుని ఆ హద్దు ఎత్తేసి, సరిచేశానని చెప్పింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

శనివారం పొద్దున విజయనగరంలో దిగగానే చున్నీ ముఖానికి చుట్టుకుంది. ఎండ ఇంకా రాలేదు.

కంప్యూటరు గదిలో ఉండే ఉద్యోగి పేరు ఎల్లాజీ. యాభై దాటినవాడు.

"రండి మేడమ్. నిన్న ఈ పెట్టెకి కొబ్బరికాయ కూడా కొట్టినాం. అయినా పడిపోతన్నాది. కాయ కుళ్ళిపోయిందేటో."

ఆమె పనిలో పడింది. ఫైలును రెండు ముక్కలు చేసింది. మొదటి సగం ఆడింది. రెండో సగం పడిపోయింది. ఆ సగాన్ని మళ్ళీ సగం చేసింది. అలా కోసుకుంటూ పోగా మధ్యాహ్నానికి ఒక్క అర్జీ మిగిలింది. నంబరు 1187. దానిలోపల ఇంకో అర్జీ. దానిలోపల మరొకటి. మొత్తం నాలుగు వందల పన్నెండు.

"ఇలా ఒకదాని కడుపులో ఒకటి ఎందుకు ఎక్కించారు?"

"మా కాడ అంతే మేడమ్. అదే మనిషి మళ్ళీ వస్తే కొత్త నంబరు ఇవ్వరు. పాత నంబరు కిందే ఎక్కించీమంటారు. పెండింగు తక్కువ కనబడతాది కదా."

"అడుగుదాకా దిగాలంటే పైవన్నీ ప్రోగ్రాం గుర్తుపెట్టుకోవాలి. మెమరీ చాలక కూలిపోతోంది. నాలుగు వందల సార్లు రావడం ఏటి?" అనేసి నాలుక కరుచుకుంది.

ఎల్లాజీ నవ్వాడు. "మీదీ ఇటేపేనా మేడమ్?"

"కాదు. రైల్లో విన్నాను."

"కూర్మమ్మని, గరివిడి కాణ్ణుంచి వస్తాది. సోమవారం గేటు తీసేసరికి అక్కడుంటాది. ఒక మనవరాలు కూడాను. గుంటని మొదట్లో సంకనేసుకొచ్చీది. ఇప్పుడది ముసిలావిడ భుజం దాటిపోయినాది. ఎవులో కనబడకుండా పోనారంట. ఇన్నేళ్లకి ఇంకెక్కడ దొరుకుతారు, ఊరుకోయే అని మేవూ సెప్తాం. ఇనదు."

సింధూరి అర్జీ తెరిచింది. ఎల్లాజీ వంగి చూడబోతే తెరను తనవైపు తిప్పుకుంది.

"ఫోటో ఏటైనా ఉన్నాదా మేడమ్?"

"పాడైపోయింది. తెరుచుకోవడం లేదు."

ఫోటో చక్కగానే తెరుచుకుంది.

అర్జీలన్నిటినీ విడదీసి పక్కపక్కన పేర్చడం రెండు గంటల పని. అప్పుడు నాలుగు వందల పన్నెండూ సోమవారం జాబితాలో అచ్చవుతాయి. ఫోటోతో సహా పెద్ద ఆఫీసరు బల్ల మీదికి వెళ్తాయి. నాలుగు వందల సార్లు వచ్చిన మనిషెవరని ఆయన అడక్క మానడు.

ఆమె ఫోటో మూసేసింది.

"ఈ ఒక్కటీ తీసేస్తే మిగతావన్నీ ఆడతాయి" అంది చివరికి.

"తీసీడమేటి మేడమ్? ముసిలావిడొస్తే ఏటి సెప్పను?"

"అలాంటి నంబరు లేదని చెప్పండి."

"గుంట ఊరుకోదు. రసీదులన్నీ వరసగా సూదిదారంతో కుట్టుకుని తెస్తాది." కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "సదూకున్నోరు. మీ ఇష్టం."

ఆమె మీట నొక్కింది. నకలు ఫైల్లోంచి కూడా తీసేసింది.

మూడు వారాల్లో మొదటిసారి ప్రోగ్రాం చివరిదాకా ఆడింది. జాబితా కాగితాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎల్లాజీ వాటిని సర్దుకున్నాడు. పొద్దుటి నుంచీ గంటకోసారి టీ తెప్పించినవాడు ఇప్పుడు ఆ మాటే ఎత్తలేదు.

లోపం దొరికింది, సరిచేశాను అని మేనేజరుకు మెసేజీ పెట్టింది. ఆయన చప్పట్ల బొమ్మలు పంపాడు. ఆమె ఫోను బోర్లా పెట్టేసింది.

తీసేసిన అర్జీలో అన్నిటికన్నా పైనున్న వాక్యం ఇది: గరివిడి వాస్తవ్యుడు జగన్నాధం భార్య సింధూరి, మూడేళ్ల కూతుర్ని అత్త కూర్మమ్మ పక్కన పడుకోబెట్టి, 2016 ఆగస్టు 8న ఇల్లు విడిచి వెళ్ళింది, నేటివరకూ తిరిగి రాలేదు.